థర్‌గుడ్ ఇంటి పైగది

హేవర్‌స్టన్‌లో చీకటి పడ్డాక క్లోత్ వీధిలో ఎడమ పక్కన ఎవరూ నడవరు. కుక్కలు కూడా యజమానుల్ని కుడి పక్కకే లాక్కుపోతాయని మా ఆవిడ డోరీన్ అంటుంది. ఎడమ పక్కన ఉన్నది థర్‌గుడ్ ఇల్లు.

ఆ ఇంట్లో అద్దెకి దిగినవాళ్ళెవరూ ఒక్క చలికాలం నిలవలేదు. అందరూ చెప్పేది ఒకటే. ముందుగదిలో చలికాచుకునే పొయ్యి దగ్గర కూర్చుంటే నెత్తిమీద అడుగుల చప్పుడు... అటునుంచి ఇటు... ఇటునుంచి అటు... పోనీ పైకెళ్ళి చూద్దామంటే మెట్లు లేవు. ఆ పైగదికి ఇంట్లోంచి దారే లేదు. మరి నడిచేదెవరు?

జూడిత్ అంటారు. మూడొందల యాభై ఏళ్ళ కిందట ఆ ఇల్లు కట్టిన బట్టల వ్యాపారి ఆంబ్రోస్ థర్‌గుడ్ కూతురు. ఉప్పు పడవలు నడిపేవాణ్ణి చేసుకుంటానని మొండికేస్తే, తండ్రి ఆ గదిలో పెట్టి మెట్లు పీకించేశాడట. అక్కడే పోయిందట. పబ్బులో రెండో గ్లాసు అయ్యాక ఈ కథ ఇంకా పెరుగుతుంది, అదంతా వద్దులెండి.

ఇక నా సంగతి. నా పేరు రోలాండ్ థర్‌గుడ్. ఇంటిపేరు చూశారుగా... అదే నా కొంప ముంచింది.

తివాచీల కొట్టు నడిపి రిటైరైనవాణ్ణి. ఆంబ్రోస్ ఉన్నిబట్ట అమ్మాడు, నేను ఉన్ని తివాచీలు అమ్మాను. ఇంకేం కావాలి? ఉన్ని మా రక్తంలోనే ఉందని కనబడ్డవాళ్ళకల్లా చెప్పాను. డోరీన్ మాత్రం, "నీ సంస్థానం సంగతి తర్వాత చూద్దాం గానీ మహారాజా, ముందు ఆ గిన్నెలు కడుగు" అనేది.

నవ్వితే నవ్వండి. మా ఇంట్లో మా తాతకి ముందువాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. అద్దె ఇళ్ళలో పుట్టి అద్దె ఇళ్ళలో పోయినవాళ్ళం. మేమూ ఎక్కడో ఒకచోట మొదలయ్యామని, మాకూ ఓ ఇల్లు ఉండేదని చూపించుకోవాలని నాకు మహా ఆశగా ఉండేది.

అందుకని పదేళ్ళు జిల్లా రికార్డు ఆఫీసులో పడి ఉన్నాను. పాత వీలునామాలు, ఆస్తి దస్తావేజులు — కోడి గీకినట్టుండే ఆ రాత చదివి చదివి కళ్ళజోడు రెండుసార్లు మార్చాను. ఆంబ్రోస్ వీలునామా నాకు కంఠతా వచ్చు. పెద్దకొడుక్కి ఇల్లు, చిన్నకొడుకు నథానియల్‌కి ఓడలో వాటా, చర్చికి వెండి గిన్నె, బీదలకి చలికాలం రొట్టెలు. కూతుళ్ళ దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేసేవాణ్ణి. పెళ్ళయితే వాళ్ళ ఇంటిపేరు మారిపోతుంది, ఇక వాళ్ళతో నాకేం పని? నాకు కావలసింది థర్‌గుడ్లు. మగ థర్‌గుడ్లు. వరసగా, నా దాకా.

నథానియల్ మనవడి దగ్గర ఆ వరస తెగింది. తర్వాత ముప్ఫై ఏళ్ళకి ఇంకో ఊళ్ళో మా తాతల్లో నాకు దొరికిన మొదటివాడు, జాన్ థర్‌గుడ్ తేలాడు. మధ్యలో ఏమీ లేదు. అక్కడ 'బహుశా' అని రాసుకుని, ఆ బహుశాతో హాయిగా కాపురం చేస్తున్నాను.

అలాంటి నన్ను పట్టుకుని ఊరి చరిత్ర సంఘంవాళ్ళు ఉపన్యాసం పెట్టారు. 'మా పూర్వీకులు థర్‌గుడ్లు' — శనివారం సాయంత్రం. పోస్టర్లు కూడా అంటించారు. మధ్యలో ఎవరైనా లేచి ఆ బహుశా సంగతి అడిగారా, నా పరువు గంగలో కలిసినట్టే.

గురువారం నాడు ఇళ్ళ ఏజెంటు దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని థర్‌గుడ్ ఇంట్లోకి వెళ్ళాను. ఆ రోజుల్లో మనిషి పోగానే ఇరుగుపొరుగు వచ్చి గది గదీ తిరిగి సామాను జాబితా రాసేవారు. వాళ్ళు తిరిగినట్టే నేనూ తిరిగి, సభలో నాలుగు ముక్కలు గొప్పగా చెబుదామని నా ఎత్తు. డిసెంబరు కదా, టీ వేళకే చీకటి పడింది. కరెంటు తీసేశారు. చేతిలో టార్చి... దాని బ్యాటరీ మార్చమని డోరీన్ చెప్పింది, నేను వింటేగా!

ముందుగదిలో పొయ్యి ముందు నిలబడ్డాను. చప్పుడు లేదు.

అప్పుడు... నెత్తిమీద...

ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. చెక్క కిర్రుమంది. ఏదో బరువైనది నేలమీద ఈడ్చిన చప్పుడు...

పారిపోదామంటే కాళ్ళు నా మాట వినడం లేదు. టార్చి రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. చుట్టరికం కలిపాను.

"అమ్మా... జూడిత్ అమ్మా... నేను... మీవాణ్ణే. మీ తమ్ముడు నథానియల్ వంశం..." గొంతు కీచుమంటోంది. "శనివారం మీ గురించే మాట్లాడబోతున్నా... మంచిగానే చెబుతానమ్మా..."

అడుగులు ఆగిపోయాయి. సరిగ్గా నా నెత్తిమీద.

"నేను మీవాణ్ణే కదమ్మా..."

"కాదు."

ఆడగొంతు. కోపం లేదు, తొందర లేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. ఎటునుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను.

ఆ తర్వాత కాళ్ళు బాగానే పనిచేశాయి. వీధి తలుపు లోపలికి లాగాలి. నేనేమో బయటికి తోస్తూ, ఏడుస్తూ, మళ్ళీ తోస్తూ... చివరికి ఎలా తెరుచుకుందో గానీ టోపీ లోపల, నేను వీధిలో.

సరిగ్గా అప్పుడే పక్కింటి తలుపు కూడా ధడాలున తెరుచుకుంది. పళ్ళ డాక్టరు వెరా డకెట్ చేతిలో పొయ్యి కెలికే ఇనుప ఊచ పట్టుకుని బయటికి దూకింది. మా ఊళ్ళో సగం మంది పళ్ళు పీకిన మనిషి, నావి కూడా. దేనికీ బెదరదు. అలాంటిది మొహం సున్నం కొట్టినట్టుంది.

"రోలాండ్! దెయ్యం!" అంది నా చెయ్యి పట్టుకుని. "కింద గదిలో... అమ్మా, అమ్మా అని ఏడుస్తోంది!"

"అది... నేనేనండీ."

వెరా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఊచ దించింది. "నువ్వా? చచ్చినోడా, నా ప్రాణం పోయిందనుకున్నాను!"

"మరి పైన నడిచింది..."

"నేనే. కప్పు కారుతోంది, బకెట్లు మారుస్తున్నాను. చలికాలమంతా ఇదే పని నాకు."

"ఆ గది థర్‌గుడ్ ఇంటిది కదా?"

"కాదు, మాది. మా మేడమీద గోడలో తలుపుంది. మా అమ్మది, అంతకుముందు వాళ్ళమ్మది. మీరంతా దెయ్యమనే ఆ జూడిత్ దగ్గర్నుంచీ ఆడపిల్లలకే వస్తోంది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇల్లు చేతులు మారిన ప్రతి దస్తావేజులోనూ 'ముందుగది మీది గది తప్ప' అని ఉంది. లాయర్ల చాదస్తం అనుకున్నాను. తర్వాత వెళ్ళి చూస్తే, వీలునామాలో నేను తిప్పేసిన పేజీలోనే ఆంబ్రోస్ ఆ గదిని జూడిత్‌కీ, ఆవిడ పిల్లలకీ రాసిచ్చాడు. బంధించడం కాదు, పడవవాణ్ణి చేసుకున్న కూతురికి పుట్టింట్లో ఓ గది ఉంచాడు. ఇంతకాలం నేను వెతుకుతున్న ఆంబ్రోస్ వంశం ఎవరో కాదు, నా నోట్లో అద్దం పెట్టి చూసిన మనిషే!

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? నా కుర్చీలో కూర్చుని మగాళ్ళ పేర్లన్నీ ఏకరువు పెట్టావు. నోట్లో దూది కుక్కితే తప్ప ఆపేవాడివా?"

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. చలిలో ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

"అయినా వెరాగారూ, అలా మొహమ్మీద కాదనాలా?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "మెల్లిగా చెబితే పోయేది."

"ఏం కాదన్నాను?"

"నేను మీవాణ్ణే కదా అంటే, కాదన్నారుగా..."

వెరా నవ్వు ఆగిపోయింది.

"నేనా? నేను నోరు తెరిస్తేగా! నీ ఏడుపు విని బకెట్టు పట్టుకుని బిగుసుకుపోయాను..."

ఇద్దరం ఏమీ అనుకోకుండానే వీధి దాటి కుడి పక్కకి వచ్చేశాం. ఆ రాత్రి వెరా మా ఇంట్లోనే పడుకుంది.

శనివారం హాలు నిండింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాను. "ముందుగా ఒక మాట. నేను ఆ థర్‌గుడ్ల వంశంవాణ్ణి కాను" అన్నాను. పదేళ్ళ ఆశ... జేబులో కాగితాలు ఓసారి తడుముకున్నాను.

సంఘం కార్యదర్శి పెన్ను తీశాడు. మా సంఘంలో రుజువు లేకుండా ఏదీ పుస్తకంలోకి ఎక్కదు. "ఆధారం ఏమిటండీ?" అన్నాడు.

"వాళ్ళింటి పెద్దావిడే చెప్పింది" అన్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో కూర్చున్న వెరా ఒక్కతే నవ్వలేదు.