సీమోను నాలుగో మెడల్

ఆదివారం ఉదయం సఖినేటిపల్లిలో దానమ్మ పొయ్యి మీద దిబ్బరొట్టె వేసి, పక్కనే పీట మీద కూర్చుని భర్త సీమోను నాలుగు మెడల్స్‌ని చింతపండుతో తోముతోంది. ఆగస్టు పదిహేనుకి ముందొచ్చే ఆదివారం ప్రార్థన మందిరంలో మాజీ హవల్దారు సీమోను, యుద్ధంలో దేవుడు తనని ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పడం ఏటా ఉన్న ఆనవాయితీ. కార్గిల్‌లో గాయపడ్డ ఆఫీసరుని ఆయన భుజాన వేసుకుని కొండ దింపిన సంగతి ఊళ్లో చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు.

"ఇదేంటండీ, ఈ ఒక్కదానికే పూత ఊడిపోతంది?" అంది దానమ్మ.

సీమోను గతుక్కుమన్నాడు. "పాతదైపోయింది కదే."

అంతలో కూతురు నిఖిత ఫోను పట్టుకుని వచ్చింది. "డాడీ, ఇంజనీరింగ్‌లో సైనికుల పిల్లల కోటా ఉంది కదండీ. శౌర్య పతకం వచ్చినోళ్ల పిల్లలకి ముందు ఇస్తారంట. ఆ సర్టిఫికెట్టు ఇవ్వండి, రేపే ఆఖరి రోజు."

"ఎక్కడో పోయిందమ్మా."

"పోనీ మెడల్ మీదున్న నంబరు రాస్తాను." నిఖిత ఒక్కొక్కటీ తిప్పి చూసింది. "మూడింటి అంచు మీదా మీ నంబరూ పేరూ చెక్కున్నాయి. దీని మీద లేదేంటండీ?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పాతికేళ్లుగా ఆయన చేస్తున్నదదే. కానీ ఈసారి ఆ అబద్ధం పిల్ల దరఖాస్తులోకి ఎక్కుతుంది. దొంగ మెడల్ చూపించిందని రేపు పిల్లని పదిమందిలో నిలబెడితే?  సీమోను గుమ్మంలో కూలబడ్డాడు.

"అది సికింద్రాబాద్‌లో కొట్లో కొన్నానమ్మా. నేను వంటవాణ్ణి. ఆఫీసరుని మోసింది నా పక్క మంచం సిపాయి. సెలవుకొచ్చినప్పుడు మందిరంలో నేనే మోసేనని చెప్పేసేను. దానికి మెడల్ ఇచ్చేరా అని పాస్టరు గారు అడిగేరు. ఆయ్, ఇచ్చేరండీ అన్నాను."

దానమ్మ చేతిలోని మెడల్ చింతపండు నీళ్ల గిన్నెలో పడింది. "ఆ సాక్ష్యం వినే కదండీ మా నాన్నగారు నన్ను మీకిచ్చేరు! ఇన్నేళ్లూ ఈ ఇత్తడి బిళ్లకా నేను మెరుగు పెట్టింది?"

 రొట్టె మాడుతున్నా ఎవరూ కదల్లేదు.

నిఖిత కళ్లు తుడుచుకుని ఫోన్లోని ఫారంలో పతకం గడి ఖాళీగా వదిలేసింది. "వంట చేసేనని చెప్పడానికి సిగ్గేసిందా డాడీ?"

"మంచులో నూటయిరవై మందికి వేడన్నం వండి పెట్టేనమ్మా. అది చెబితే ఎవరు వింటారనుకున్నాను."

"నేను వినేదాన్ని కదండీ!" అని భోరుమంది దానమ్మ.

కాసేపటికి తనే లేచి, ఆయన కోటుకి మూడు మెడల్స్ పెట్టింది. నాలుగో దాని చోట పిన్నీసు గుచ్చిన రంధ్రాలు కనిపిస్తున్నాయి.

మందిరంలో సీమోను లేచి నిలబడ్డాడు.  "నేను యుద్ధంలో అన్నం వండేనండీ. ఆఫీసరుని మోసింది నేను కాదు. ఇన్నేళ్లూ మీతో అబద్ధం చెప్పేను," అన్నాడు.

 పాస్టరు గారు కళ్లద్దాలు తీసి కిందికి చూస్తూ ఉండిపోయారు. ఏటా సాక్ష్యం అయ్యాక అందరూ కలిసి అనే మాట, ఈసారి ఆడవాళ్ల వరసలోంచి ఒక్క గొంతులోనే వినిపించింది.

"దేవునికి స్తోత్రం," అంది దానమ్మ.