నడుమ వదిలిన చెక్క

“రంపం తిరుగుతున్నప్పుడు నన్ను పిలవకండి.”

వడ్రంగి షాపులో కొత్తగా చేరిన కోతపనివాడు యజమాని కూతురితో అన్న మొదటి మాట అది. పాలిష్ డబ్బా ఎక్కడ పెట్టారని వెనకనుంచి అడిగిందంతే. అతను మెషీన్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ఉండి, అప్పుడు తిరిగి చూశాడు.

“మా షాపులో నేను మాట్లాడ్డానికి మీ పర్మిషన్ కావాలా?” అంది.

“షాపు మీదేనండి. వేళ్ళు మాత్రం నావి.”

ఆమెకు ఒళ్ళు మండింది. సాయంత్రానికల్లా అతనికి మౌనస్వామి అని పేరు పెట్టి, షాపంతా చాటింది.

వానలు మొదలయ్యేసరికి అలమర తలుపుల ఆర్డర్ వచ్చింది. మందపాటి పలకలను చీల్చి, ఒక్కోదాన్ని రెండు పల్చటి పలకలు చెయ్యాలి. పలక వెడల్పు ముందు మెషీన్ బల్లలోంచి పైకి లేచే బ్లేడు పొట్టిది, ఎంత ఎత్తినా సగందాకానే కోస్తుంది. అందుకని అతను పలకను అంచుమీద నిలబెట్టి, బ్లేడు పక్కనుండే ఆనుడు పట్టీకి, అంటే గైడుకు, ఆనించి, తాను పక్కకు నిలబడి తోపుడు కర్రతో నెమ్మదిగా తోసేవాడు. తర్వాత పలకను తిరగేసి, అదే ముఖం గైడుకు ఆనేలా పెట్టి, రెండో అంచునుంచి కోసేవాడు. నడుమ ఒక వేలు వెడల్పు చెక్క కావాలనే వదిలేవాడు. మెషీన్ మీదే రెండుగా విడిపోతే ముక్క బ్లేడుకు చిక్కి ఎగిరి తన్నుతుంది. మిగిలింది వైస్‌లో బిగించి చేతిరంపంతో కోయాలి. అతను కోస్తుంటే, చీలిక మూసుకోకుండా ఇంకొకరు చెక్కముక్కలు దోపుతూ ఉండాలి.

ఆ ఇంకొకరు ఆమె.

మెషీన్ ఆగితే మౌనస్వామికి ఎన్ని మాటలొచ్చో అప్పుడు తెలిసింది. తనను అక్క పెంచిన తీరు, చిన్నప్పుడు కుర్చీ చేస్తే అది కుంటిదై పిల్లి కూడా ఎక్కకపోవడం, అన్నీ చెప్పేవాడు. ఆమె నవ్వితే రంపం గీత తప్పేది. పలక విడిపోగానే మాట సగంలో ఆగిపోయేది. అదే ఆమెకు నచ్చలేదు.

నాన్నకు వేరే సంగతి నచ్చలేదు. నడుమ ఒక వేలు మిగలాల్సిన చెక్క నాలుగు వేళ్ళయింది. పని నత్తనడక నడుస్తోంది. శనివారం ఇద్దరి ఎదుటా కొలిచి చూశాడు.

“కొలత తెలియనివాడు నాకెందుకయ్యా? సోమవారం నుంచి రావద్దు.”

అతను ఆమె వంక చూడకుండా, “తప్పు నాదేనండి,” అని రుమాలు భుజాన వేసుకున్నాడు.

“ఆయనది కాదు నాన్నా. పొద్దున్నే బ్లేడు దించుతున్నది నేను.”

“నువ్వా? ఎందుకు?”

“మెషీన్ తిరుగుతుంటే మాట్లాడడు కదా. చేతికోత త్వరగా అయిపోతే...” ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

నాన్న అతనివైపు తిరిగాడు. “రోజూ బ్లేడు దిగుతుంటే నీ కళ్ళెక్కడున్నాయి?”

“చూడకుండా స్విచ్ వెయ్యనండి.”

“మరి చూశావా?”

“మొదటిరోజే చూశాను.” అతను తల దించుకున్నాడు. “పైకెత్తబుద్ధి కాలేదు.”

ఆమె చేతిలోని చెక్కముక్క జారి కింద పడింది. తనొక్కతే చేస్తున్నాననుకున్న దొంగతనంలో ఇద్దరికీ వాటా ఉందన్నమాట.

నాన్న చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. అది నవ్వు దాచుకోవడానికని ఇద్దరికీ తెలియలేదు. మీ అక్కగారిని రేపు మా ఇంటికి తీసుకురా అన్నాడు. సోమవారం నుంచి బ్లేడు ఎత్తు తానే పెడతానన్నాడు. గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. వైస్‌లో పలక సగం కోతతో అలాగే ఉంది.

“అది పూర్తి చేసి రండి. తొందరేం లేదులే.”