పెంచలనరసయ్య ట్రాక్టరు

“ఆ బండి నా మొగుడి రొమ్ము మీద ఎక్కి తొక్కిందిరా ముబీనూ! దానికి రంగులేసి పెళ్లికూతుర్ని చేస్తన్నావా? తెల్లారతానే గడ్డపార తెస్తా. ఇంజను పగలగొడతా. అడ్డమొస్తే నీ తల పగలగొడతా!”

వరదమ్మ అరుస్తానే రాయి ఇసిరింది. ముబీన్ చెవి పక్కనే రేకుకు తగిలి ఠంగుమనింది.

ఉదయగిరి దాటినాక ఆత్మకూరు రోడ్డులో ఉండే రేకుల షెడ్డు అది. పొద్దుగూకితే ఆడ ఆటో కూడా ఆపరు. ఎనిమిదేళ్ల ముందర వరదమ్మ మొగుడు పెంచలనరసయ్య ఆడనే పోయినాడు. సీటెక్కి తాళం తిప్పే ఓపిక లేక, కింద నిలబడి ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటార్ బోల్టులకు పానా అడ్డం పెట్టినాడు. రవ్వ లేచింది, ఇంజను అందుకునింది... బండి గేరులో ఉండింది. పెద్ద చక్రం ఎక్కేసింది. రాత్రిళ్లు ఆ షెడ్డులో ఇంజను కొట్టుకుంటాదని ఇప్పటిగ్గూడా అంటారు.

ముబీన్ పగలు కొయ్య స్పూన్లు చెక్కతాడు. మిగతా టైమంతా పాత డీజిల్ ట్రాక్టర్లే వాడి పిచ్చి. వరదమ్మ కొడుకు దీన్ని పాతినుము కింద ఇచ్చేస్తే, నాలుగు నెలలు దానికే పోసినాడు. రింగులు మార్చినాడు, పంపు విప్పి కడిగినాడు. ఇప్పుడు ఈమె గడ్డపార తెస్తానంటాది. అందుకే ఆ రాత్రే బండిని బయటికి తోలేయాలనుకున్నాడు. ఇదంతా వాడు ఆస్పత్రి మంచం మీద, దోస్తునని నాకు చెప్పిందే.

తాళం తిప్పినాడు — ఉలుకూ పలుకూ లేదు.

గేర్ రాడ్డు ఊపి చూసినాడు. న్యూట్రల్. మళ్లా ఊపినాడు. న్యూట్రలే.

దిగినాడు. పెద్ద చక్రం ముందర నిలబడి... పానా తీసినాడు.

మెడ మీద బీడీ వాసన. గుసగుసగా — “వద్దురా...”

చెయ్యి అప్పటికే తగిలించేసింది.

ఫట్! నీలం రవ్వ. ఇంజను గాండ్రించింది. బండి ఒక్క దూకు దూకింది. ముబీన్ ఎనక్కి పడినాడు. చక్రం పాదమెక్కింది... ఎముకలు పటపటా ఇరిగినాయి. “యా అల్లా!” ఇంక ముణుకు, తొడ, రొమ్ము...

చక్రం పక్కకు తిరిగింది.

బండి పోయి గోడను గుద్దింది. రాళ్లు రాలినాయి. ఇంజను అరిచి అరిచి ఆగింది.

పొద్దున మెకానిక్ హిదాయతుల్లా గేరు బాక్సు విప్పి నవ్వినాడు. “దెయ్యమా గియ్యమా! లోపల గేర్లను జరిపే ఫోర్కు అరిగిపోయిందిరా. పైన రాడ్డు న్యూట్రల్ చూపిస్తాది, లోపల గేరు వదల్లా. పెంచలనరసయ్యా అట్నే మోసపోయుంటాడు.”

“మరి చక్రం పక్కకెట్ట తిరిగిందన్నా?” అన్నాను.

“రాయి తగిలుంటాది.”

ఎతికినాను. నున్నటి మట్టి. రాయి లేదు. టైరు అచ్చులు తిన్నగా వచ్చి, నెత్తురు మరక కాడ ఒక్కసారిగా ఎడంపక్కకు వంగినాయి.

వరదమ్మ గడ్డపారతో వచ్చింది. ఆ అచ్చుల్ని చూసింది. గడ్డపార జారి కింద పడింది.

“నరసయ్యా...” అనింది, అంతే. బండిని ముట్టుకోకుండా ఎళ్లిపోయింది.

కాలికి కట్టుతోనే ముబీన్ మళ్లా స్టార్ట్ చేస్తానంటన్నాడు. ఈసారి పానా వద్దంట — సీటు మీద నన్ను కూర్చోమంటన్నాడు.

ఆ సీటు ఖాళీగా ఉండాదని మీరు చెప్పగలరా?