మూడోసారి తిరిగిన రీలు

"మూత తియ్యకుంట బొమ్మ తీస్తే చీకటే వడ్తది!"

యాకుత్‌పురా స్టేషనుకు పోయే సందు నడుమ నిలిచి, ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడి కంటికి ఒక నల్లటి డబ్బాను ఆనించుకొని ఉన్న వైకుంఠం ఉలిక్కిపడి తల తిప్పాడు. ఆ మాట రామలింగం గారి అరుగు మీద నుంచి వచ్చింది. ఆయన కూతురు సుశీల అక్కడ కూర్చుని బియ్యం చెరుగుతున్నది. చేతిలోని చేట ఆగలేదు. పెదవుల మీది నవ్వూ ఆగలేదు.

వైకుంఠం డబ్బా ముందువైపు తడిమి చూసుకున్నాడు. అద్దానికి తొడిగిన తోలుమూత తొడిగినట్టే ఉన్నది.

"అయినా నన్ను అడగకుంట నా బొమ్మ ఎట్ల తీస్తరు?" అన్నది సుశీల.

"నీ బొమ్మ ఎవరు తీస్తున్నరు? నేను మేకలను తీస్తున్న."

"మేకలు అటు పోయినయి. మీ డబ్బ ఇటు చూస్తున్నది."

"దీంట్ల అసలు రీలే లేదు. ఉత్తగ చూస్తున్న, అంతే."

"రీలు లేదు, మూత తియ్యలేదు. మరి ఇంత కష్టమెందుకు? ఇంట్ల కూసోని కండ్లు మూసుకున్నా గిదే కనవడ్తది."

లోపలి నుంచి ఆమె నాయనమ్మ నాగమణమ్మ పకపక నవ్వింది. వైకుంఠం చెవులు ఎర్రబడ్డాయి.

అది 1938వ సంవత్సరపు వానకాలం. సికింద్రాబాదులో సామాను వేలం వేసి ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర వైకుంఠం ఆ సినిమా కెమెరాను సంపాదించాడు. దానితోబాటు రెండు కొత్త రీళ్ళు, చేతితో తిప్పే చిన్న ప్రొజెక్టరు, వాటిని వాడే పద్ధతి తెలిపే ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చాయి. చిక్కంతా ఆ పుస్తకంతోనే. వైకుంఠం చదువు సర్కారు బడిలో ఉర్దూలో సాగింది. ముత్యాల వంటి ఉర్దూ రాయగలడు గాని, ఇంగ్లీషు వాక్యం రెండో వరుసకు దిగేసరికి అతనికి ఊపిరాడేది కాదు. సుశీల మాత్రం మిషనరీల బడిలో మెట్రిక్యులేషన్ దాకా చదివింది.

మరునాడు అతడు పుస్తకం పట్టుకొని ఆ అరుగు ముందర నిలిచాడు.

"అవ్వా, జర సుశీలతోని దీన్ని చదివిపియ్యరాదు?"

నాగమణమ్మ వక్క నములుతూ అతన్ని పైనుంచి కిందకు చూసింది. "చదువుతది తియ్యి. నేను నడుమ కూసుంట."

ఆమె అన్నట్టే నడుమ కూర్చున్నది. ఒక పక్క సుశీల చదివి చెప్పేది, మరొక పక్క వైకుంఠం వినేవాడు. రీలును నీడపట్టున ఎక్కించవలెను. గడియారపు కీ వంటి చావిని బిర్రుగా తిప్పవలెను గాని బలవంతము చేయరాదు. రీళ్ళను చల్లని చోట దాచవలెను. కెమెరా కదిలితే బొమ్మ చెడును.

"ఇగ ఇది మంచిగ వినుండ్రి," అన్నది సుశీల ఒకనాడు, పంతులమ్మ వలె వేలెత్తి. "రీలు ఒకసారి నడిస్తే ఒక అంచు మీద బొమ్మ వడ్తది. తిప్పి పెడితే రెండో అంచు మీద వడ్తది. అంతటితోని రీలు అయిపోయినట్టు."

"తెలువక మూడోసారి నడిపితే?"

"పాత బొమ్మ మీద కొత్త బొమ్మ వడ్తది. చెయ్యొద్దని పెద్ద అక్షరాలతోని రాసిండ్రు."

మొదటి రీలు ఎక్కించిన రోజున ఇద్దరికీ పేచీ వచ్చింది.

"చదివింది నేను. మొదటి చెయ్యి నాదే," అని సుశీల కెమెరాను లాక్కొని వాకిట్లోని దీపం గూట్లో కదలకుండా పెట్టింది. "దర్వాజ నుంచి తులసికోట దాక నడువుండ్రి. నడిమికొచ్చినంక కుడి దిక్కు తిరిగి నవ్వుండ్రి."

"కుడి దిక్కు ఎవరున్నరని నవ్వాలె?"

"ఎవరో ఉన్నరనుకోండ్రి! అంత గూడ తెలువదా?"

అతడు నడిచాడు, తిరిగాడు, నవ్వాడు. అయితే నవ్వింది ఖాళీ జాగాను చూసి కాదు. గూటి దగ్గర కన్ను చికిలించి నిలుచున్న మనిషిని తలచుకొని. ఆ సంగతి అతనికి ఆ క్షణానే తెలిసివచ్చింది. ఆ తరువాత రీలు తిప్పి పెట్టి, రెండో అంచు మీద తాను మేకలను తీశాడు, స్టేషనులో రైలును తీశాడు, వక్క నమిలే నాగమణమ్మను తీశాడు. వాడిన రీలుకు ఎర్రదారం కట్టి, కడిగించడానికి పంపేదాకా రెండు రీళ్ళనూ సుశీల ఇంట్లోనే నీళ్ళ గోలెం పక్కన చల్లగా దాచిపెట్టారు.

వైకుంఠానికి, సుశీలను తనకిమ్మని రామలింగం గారిని అడిగే ధైర్యం మాత్రం చాలలేదు. ఒకే కులం, ఒకే సందు, బేగంబజారులో ఎదురెదురు ఇత్తడి సామాను దుకాణాలు. అయినా రామలింగం గారి దృష్టిలో వైకుంఠం ఒక షోకీలా కుర్రవాడు. గిరాకీ వేళ గల్లా వదలి డబ్బాతో మేకల వెంట తిరిగేవాడు. ఈ అభిప్రాయాన్ని ఆయన నలుగురిలో దాచుకోలేదు.

అటువంటి ఆయన ఒక ఉదయం స్వయంగా వైకుంఠం దుకాణం మెట్లెక్కారు.

"సుశీలకు బొంబాయి సంబంధమొచ్చింది," అన్నారు కూర్చుంటూనే. "పిల్లగానికి సెలవు దొరకదట. ఫోటువలు నమ్మడట, వాటికి రంగులు పూస్తరట. నడిచేది, తిరిగేది, నవ్వేది కనవడేటట్టు బొమ్మ తీసి పంపుమన్నడు. ఆయన మేనమామ రామ్‌చందర్ వచ్చి తీసుకపోతడు. నీ డబ్బ ఇన్నాళ్ళకు ఒక అక్కరకు రావాలె, వైకుంఠం."

వైకుంఠం నోరు విప్పకముందే అతని తండ్రి సోమయ్య, "అదెంత పని! మావోడు తీస్తడు," అని మాట ఇచ్చేశాడు.

ఆ మాటతో వైకుంఠం మెడకు ఉరి బిగిసినట్టయింది. బొమ్మ బాగా వస్తే సుశీల బొంబాయి వెళ్ళిపోతుంది. బొమ్మ చెడితే అతడు దేనికీ పనికిరాడన్న రామలింగం గారి మాట రుజువవుతుంది. ఎటు చూసినా ఆమె దక్కదు.

సాయంత్రం సుశీల అరుగు మీద చీపురు పట్టుకొని ఎదురైంది.

"సంతల ఎడ్లను నడిపిచ్చి చూసినట్టు నన్ను నడిపిచ్చి చూస్తరట. ఆ తాడు మీరే పట్టుకుంటరట. నిజమేనా?"

"నాయన మాట ఇచ్చిండు. వద్దని చెప్పలేకపోయిన."

"చెప్పలేకపోయిండ్రా, చెప్పబుద్ధి కాలేదా?"

వైకుంఠం తల వంచుకున్నాడు. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకున్నది.

బొమ్మ తీయవలసిన రోజున ఆకాశం నిండా మబ్బులు. రామలింగం గారు వాకిట్లో కుర్చీ వేయించుకొని, రుమాలు చుట్టుకొని, మబ్బులను తన నౌకర్లను చూసినట్టు గదమాయించి చూస్తున్నారు. వైకుంఠం గూట్లో కెమెరా పెట్టి, దానికి అడ్డంగా నిలుచున్నాడు. అతని చూపు తోలుమూత మీద ఆగింది.

దాన్ని తీయకపోతే చాలు. రీలంతా చీకటే వస్తుంది. కొత్త చేయి, పొరపడ్డాడని అందరూ అనుకుంటారు. రామ్‌చందర్ ఉత్త చేతులతో వెళ్ళిపోతాడు.

"రీలు పట్టుండ్రి," అన్నది సుశీల వెనుక నుంచి. పట్టుచీర కట్టుకున్నది. ముఖంలో నవ్వు లేదు. "రీలు డబ్బ నేనే విప్పిన."

అతడు రీలు ఎక్కిస్తుండగా ఫిల్ము కొసన సన్నని మడత ఒకటి బొటనవేలికి తగిలింది. మూత ధ్యాసలో ఉండి అతడు దాన్ని పట్టించుకోలేదు. కెమెరా మూశాడు. సరిగ్గా అప్పుడే మబ్బు విడి, వాకిలి నిండా ఎండ పరుచుకున్నది.

"ఆఁ, కానియ్!" అని అరిచారు రామలింగం గారు.

సుశీల దర్వాజ దగ్గరకు పోబోతూ ఆగింది. "చావి పూర్తిగ తిప్పిండ్రా?"

"తిప్పిన."

ఆమె గొంతు తగ్గించింది. "మూత తీసిండ్రా?"

ఆమె కళ్ళు అతని ముఖాన్ని వదలలేదు. వెనుక రామలింగం గారు కూర్చుని ఉన్నారు. అతన్ని నమ్మో, మరొకరు దొరకకో, మొత్తానికి కూతురి బతుకును అతని చేతిలో పెట్టి కూర్చున్నారు. వైకుంఠం చేయి చాచి మూత లాగాడు.

"తీసిన."

ఆమె ముఖం చిన్నబోయిందో, గట్టిపడిందో అతనికి తెలియలేదు. కెమెరా గిర్రుమనగానే ఆమె నడక మొదలుపెట్టింది. అయితే వాకిలి నడుమ నుంచి కాదు. ఒక పక్కకు ఒదిగి, తన ఎడమవైపున మనిషి పట్టేంత జాగా వదలి నడుస్తున్నది.

"నడిమికి రా బిడ్డా!" అన్నారు రామలింగం గారు.

"నాకు గిట్లనే మంచిగున్నది బాపూ."

సగం దూరం వచ్చి, ఆమె ఎడమకు తిరిగి, ఖాళీ జాగాను చూసి నవ్వింది. ఎంత నిండైన నవ్వంటే, వైకుంఠానికి గుండెలో ముల్లు దిగినట్టయింది. బొంబాయి పిల్లవాడు అప్పుడే పక్కన నిలుచున్నాడనుకుంటున్నది గాబోలు అనుకున్నాడు. రీలు తిప్పి పెట్టి, రామలింగం గారు కుర్చీలో మీసం దువ్వుకుంటుండగా రెండో అంచు మీద వారినీ తీశాడు. మర్నాడు ఆ రీలు కడిగించడానికి బొంబాయికి పోయింది. ముందు తాము చూడనిదే పిల్లవాడికి ఇచ్చేది లేదని రామలింగం గారు దాన్ని తిరిగి తెప్పించమన్నారు.

అది తిరిగి వచ్చిన నాటికి ముసురు పట్టుకున్నది. మేనమామ రామ్‌చందర్ ఆ సాయంత్రం బొంబాయి బండికే ప్రయాణమై ఉన్నాడు. మధ్యాహ్నం రామలింగం గారి ఇంట్లో తలుపులు మూసి, కిటికీలకు కంబళ్ళు కట్టి, గోడకు తెల్ల దోవతి ఒకటి బిగించారు. పెంకుల మీద వాన ఎడతెగకుండా మోగుతున్నది. వైకుంఠం ప్రొజెక్టరు పిడి పట్టుకున్నాడు. మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు.

దోవతి మీద వాకిలి వెలిగింది. దర్వాజలో నుంచి సుశీల వచ్చింది.

ఆమె పక్కనే, నీటి అడుగు నుంచి తేలినట్టు, ఒక మగమనిషి నీడ కదిలింది. నీడ చిక్కబడింది. ముఖం ఏర్పడింది. అది వైకుంఠం ముఖం.

ఇద్దరూ పక్కపక్కన, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి వస్తున్నారు. సగం దూరంలో అతడు కుడికి తిరిగాడు, ఆమె ఎడమకు తిరిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకున్నారు.

వైకుంఠం బొటనవేలికి ఆనాటి మడత గుర్తుకొచ్చింది. పిడి ఆపవలెనన్న ఆలోచన రాలేదు. చేయి దానంతట అది తిరుగుతూనే ఉన్నది. రెండో భాగం మొదలైంది. రామలింగం గారు కుర్చీలో ఠీవిగా కూర్చున్నారు. ఆయన కడుపులో నుంచి మేకలు ఒకదాని వెనుక ఒకటి నడిచిపోయాయి. ఆయన రుమాలు మీదుగా రైలు వెళ్ళింది.

"ఆపు!" అని గర్జించారు రామలింగం గారు.

ఎవరో తలుపు తీశారు. తెల్లటి వాన వెలుతురు గదిలోకి పడింది. రామ్‌చందర్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"రామలింగం బావా, మా పిల్లగాడు నిలవడనీకి జాగ ఏడున్నది ఈ బొమ్మల?"

రామలింగం గారు లేచి వైకుంఠం ఎదుట నిలిచారు. "నమ్మి ఇల్లు అప్పజెప్తే నలుగురిల నా పరువు తీసినవు గదరా!"

"తప్పు నాదే అయ్యా," అన్నాడు వైకుంఠం. "వాడిన రీలును చూసుకోకుంట మల్ల ఎక్కిచ్చిన. సుశీలకు ఏం తెల్వదు. నన్నేమన్నా అనుండ్రి."

"తెల్వకేం?"

సుశీల గోలెం పక్క నుంచి ఒక డబ్బా తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. దాని మీది కాగితం సీలు చెక్కుచెదరలేదు.

"కొత్త రీలు ఇదిగో బాపూ. పాతది ఎర్రదారం విప్పి నేనే ఇచ్చిన. మూడోసారి నడిస్తే ఏమైతదో పుస్తకం చదివినదాన్ని నేను. అది పాతదని ఆయనకు తెల్వదు."

రామలింగం గారు సీలును వేలితో తడిమి చూశారు.

"నోటితోని చెప్పొద్దా?" అన్నారు.

"నడిచి చూపుమన్నరు గని, నన్నెవరు అడిగిండ్రు బాపూ?"

రామలింగం గారు డబ్బాను రెండు చేతులలో తిప్పి తిప్పి చూశారు. తరువాత వైకుంఠం వైపు తిరిగారు.

"నీ మనసుల గూడ గిదే ఉన్నదా?"

"ఉన్నదయ్యా."

"మరి ఆనాడు కెమెరా నీ చేతులనే ఉండె. చెడగొట్టాలంటే చిటికెల పని. చెడగొట్టబుద్ధి కాలేదా?"

"మస్తు అయింది," అన్నాడు వైకుంఠం. "మూత తియ్యకుంట ఊకుందామనుకున్న. గని మీరు నమ్మి పిలిచిండ్రు. నాతోని కాలేదు."

రామలింగం గారు దుకాణం ఎదుట ఇన్నేళ్ళు చూస్తూనే ఉన్న కుర్రవాణ్ణి ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"గోత్రాలు వేరేనే," అన్నది నాగమణమ్మ మూల నుంచి, వక్క ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకుంటూ. "ఇగ నీకు అడ్డమేంది కొడుకా?"

రామ్‌చందర్ గొడుగు తీసుకొని లేచాడు. "నాకు బండి వేళయింది. పిల్లగానికి చెప్త, బొమ్మల ఇద్దరున్నరని. రంగులు పూసిందైతే గాదు గదా, నమ్ముతడు." గడప దగ్గర ఆగి నవ్వాడు. "లగ్గానికి పిలువుండ్రి బావా. మేకలను గూడ పిలువుండ్రి."

అతడు వానలో కలిసిపోయాక రామలింగం గారు తలుపు తామే మూశారు. కుర్చీలో కూర్చుని రుమాలు సరిచేసుకున్నారు. సీలు తీయని డబ్బాను ఒడిలో భద్రంగా పెట్టుకున్నారు.

"ఈ కొత్తది లగ్గానికి పనికొస్తది. మీ నాయనను రేపు పొద్దుగాల రమ్మను," అన్నారు గంభీరంగా. "ఇప్పుడు దాన్ని ఇంకొకసారి నడిపియ్. మొదటి ముక్కనే. మేకలది వద్దు."

చీకట్లో ప్రొజెక్టరు పక్కకు చీర గరగరలాడుతూ వచ్చి ఆగింది.

"ఆనాడు మూత తీసినందుకు మీ మీద మస్తు కోపమొచ్చింది," అన్నది సుశీల, అతనికి మాత్రమే వినబడేటట్టు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు పిడి తిప్పుండ్రి. బాపు చూస్తున్నడు."