పంటి సందు గాలి

వాద్యబృందాన్ని నడిపే పెద్దమనుషులారా, ఆ అమ్మాయి నోటికాడి కూడు లాక్కుంది మీరే! హాలు కప్పు కారుతోందని ఆమె మూడుసార్లు చెప్పింది. మీరు మెట్ల మీద ఒక బకెట్ పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆమె జారిపడింది, ముందుపన్ను ఊడింది. కట్టుడు పన్ను పక్కనుంచి గాలి పోతోందట, క్లారినెట్ స్వరంలో బుస వినిపిస్తోందట! ఒక ఉత్తరం ముక్క చేతిలో పెట్టి సాగనంపారు. తొమ్మిదేళ్లు మీకోసం ఊదిన మనిషిని!

ఆమె ఊదడం మానేసింది. నాన్న నడిపే వాద్యాల రిపేరు షాపులో కూర్చుని, ఎవరెవరి క్లారినెట్లకో మీటల కింద గాలి పోకుండా ఉండే ప్యాడ్లు అతికిస్తూ ఏడాది గడిపింది.

ముసురు పట్టిన ఒక సాయంత్రం ఒకడు తడిసి ముద్దై వచ్చి, పాత క్లారినెట్ బల్ల మీద పెట్టాడు.

"దీన్ని బాగు చేయొద్దండి."

"ఏంటీ?"

"ఊడిపోకుండా బిగిస్తే చాలు. గాలి పోయేచోట పోనివ్వండి."

"రిపేరు షాపుకొచ్చి రిపేరొద్దంటారేంటి? మీకేమైనా..."

"కొంచెం ఉందండి. మా అమ్మ కూడా అదే అంటుంది."

మాటల్లో తెలిసింది, అతను వైర్లూ మీటలూ ఉన్న పెట్టెల్లో శబ్దాలను వేసి, సాగదీసి, ముక్కలు చేసి అదే సంగీతమనే రకం. ఆమె మనసులోనే 'గరగర' అని పేరు పెట్టేసింది. క్లారినెట్ బిగించి, పరీక్షకని ఊదింది. బుస వచ్చింది. చటుక్కున ఆపేసింది.

"ఆ శబ్దం క్లారినెట్‌దా, మీదా?"

"నాదే. చాలా?"

"చాల్లేదండి. ఇంకోసారి ఊదరూ?"

వెటకారమనుకుంది. కానీ అతని కళ్లలో వెటకారం లేదు, ఆకలి ఉంది.

తన గదికొచ్చి ఊదమన్నాడు. అలా వారానికి మూడు సాయంత్రాలు అతని గదికి వెళ్లింది. ఏం వాయించాలో ఇద్దరూ ముందు అనుకునేవాళ్లు కాదు. ఆమె ఒక స్వరం వదిలేది. అతను అందులోంచి బుసను మాత్రం పట్టుకుని, సాగదీసి, కిటికీ బయటి వానలో కలిపేసేవాడు. ఆమె కావాలనే ఆగిపోతే తికమకపడేవాడు.

"ఎటు పోతున్నాం?"

"నాకేం తెలుసు? నువ్వు నడువు గరగరా, నేనొస్తా."

మూడో వారానికే 'అండి' రాలిపోయింది.

శనివారం నలభై కుర్చీల చిన్న గదిలో కచేరీ, రమ్మన్నాడు. జనం ముందు ఈ బుసా? ఆలోచిస్తానంది. బుధవారం కాస్త ముందుగా వెళితే, తలుపు అవతలి నుంచి ఆమెకు ఆమే వినిపించింది. ఊదింది మాత్రమే కాదు. తనను తాను తిట్టుకున్నది, ఒకరోజు క్లారినెట్ రీడు తుడుస్తూ ఏడ్చింది కూడా. మైకు మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంది!

"ఏడుపు కూడా రికార్డు చేసి దాచావా?"

"అన్నీ దాచా. నువ్వు రానంటే శనివారం వీటితోనే..."

"నేను లేకుండా నన్ను వాయిస్తావా? బృందం వాళ్లకు నా బుస వద్దు, నీకు బుస ఒక్కటే చాలు. మనిషి ఎవరికీ అక్కర్లేదు!"

అతను గబగబా రెండు మీటలు నొక్కాడు.

"ఇదిగో, మొత్తం తుడిచేశా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఎవర్నడిగి తుడిచావు? ఏడాది తర్వాత నేను నోరారా ఊదింది అందులోనే ఉంది. అడక్కుండా దాచావు, అడక్కుండా తుడిచావు. ఉత్తరం ఇచ్చినవాళ్లూ నన్నేమీ అడగలేదు!"

రెండు రోజులు వాన తెరిపివ్వలేదు. ఆమె అన్నం సరిగ్గా తినలేదు. శుక్రవారం అతను షాపుకొచ్చాడు. నాన్న కళ్లద్దాల మీంచి చూశాడు.

"ఏం బాబూ, ఇవాళ దేన్ని బాగు చేయొద్దు?"

"ఈసారి బాగు చేయాలండి."

"అది నా చేతుల్లో లేదయ్యా. అమ్మాయి లోపలుంది. నేను టీ తాగొస్తా, నెమ్మదిగానే తాగుతా."

లోపల ఆమె తలెత్తలేదు.

"తప్పు చేశా. రేపు ఒక్కణ్నే వెళ్తున్నా. పెట్టెల్లో ఏమీ లేదు."

"నేనొస్తా."

"నిజంగానా?"

"బుసతోనే వస్తా. నీకోసం కాదు, నాకు ఊదాలనుంది."

"నీకింకోటి చెప్పాలి..." అంటూనే, అలవాటు కొద్దీ జేబులోని రికార్డర్ మీదికి అతని చెయ్యి పోయింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఆపి బల్ల మీద పెట్టు. పెట్టావా? ఇప్పుడు చెప్పు. మళ్లీ వినిపించడానికి ఉండదు, ఒక్కసారే. సరిగ్గా చెప్పు."