షిఫ్ట్ ఐదుసార్లు

“డేగా, ఈ పని మైనాది. నువ్వు తోడు వెళ్తున్నావ్, అంతే.”

చీఫ్ మాట డేగ గుండెలో ముల్లులా దిగింది. పదిహేనేళ్ల సర్వీసు, ఒంట్లో రెండు బుల్లెట్ల గుర్తులు. మైనా చేరి ఆర్నెల్లయింది. పుట్టుకతో చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఆమె పనిచేస్తుంటే డిపార్ట్‌మెంటంతా చుట్టూ మూగేది. చీఫ్ స్వయంగా టీ అందించేవాడు. డేగకి ఏనాడూ మంచినీళ్లయినా ఇచ్చిన పాపాన పోలేదు.

ఒక ట్రావెల్ కంపెనీ ముసుగులో విదేశీ ముఠా పనిచేస్తోంది. అక్కడి కంప్యూటర్ నుంచి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి నలభైమంది మన ఏజెంట్ల ఇంటి చిరునామాలు సరిహద్దు దాటతాయి. ఆపాలి. లోపల సాయం చేసేది ముత్యాల కమ్మల రిసెప్షనిస్టు, ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ అని అందరి నమ్మకం.

మైనా కింద వ్యాన్‌లో ఉండగా, ఏసీ మెకానిక్ వేషంలో డేగ ముందుగా పైకెళ్లాడు. రిసెప్షనిస్టు నవ్వింది. “ఇంత సీనియర్ మీరు, ఆ అమ్మాయికి తలుపులు తీయడానికొచ్చారా? ఇప్పుడే రండి. పేరు మీకే దక్కుతుంది.”

అసలే కడుపుమంట, దాని మీద ఆజ్యం. డేగ ఇయర్‌పీస్ ఆపేసి ఆమె వెంట నడిచాడు.

గదిలోకి వెళ్లీ వెళ్లగానే అతని కుడిచేతికీ బల్లకీ కలిపి బేడీ పడింది. ఆమె పేపర్‌వెయిట్‌తో మానిటర్ పగలగొట్టి, మౌస్ పీక్కుని, బయట తాళం వేసి వెళ్లిపోయింది. కంప్యూటర్ డబ్బా గోడలోని ఇనుప బీరువాలో ఉంది. స్పీకరూ కీబోర్డూ మాత్రం బల్ల మీదే ఉన్నాయి. తెర లేకుండా ఒంటిచేత్తో వాటితో ఏం చేస్తాడులే అనుకున్నట్టుంది.

పన్నెండుకి నాలుగు నిమిషాలు. ఆ అమ్మాయిని పిలవడం కంటే చావడం నయమనిపించింది. కానీ చచ్చేది తనొక్కడే కాదు.

ఇయర్‌పీస్ నొక్కాడు. “అమ్మాయ్, తప్పు చేశాను.” జరిగిందంతా చెప్పాడు. ఆమె దెప్పలేదు. దానికీ ఒళ్లు మండింది.

“అందులోని స్క్రీన్ రీడర్‌ని లేపాలంటే మూడు మీటలు ఒకేసారి నొక్కాలి సార్, మీకు ఒక చెయ్యే ఖాళీగా ఉంది. ముందు షిఫ్ట్ ఐదుసార్లు కొట్టి ఎంటర్ నొక్కండి. ఇక ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా కలిపి నొక్కినట్టే. ఒంటిచేత్తో పనిచేసేవాళ్ల కోసం పెట్టారు.”

ఇన్నేళ్లుగా కంప్యూటర్ వాడుతున్నాడు, ఆ సంగతే ఎరగడు. ఆమె చెప్పిన మీటలు వరసగా నొక్కాడు. స్పీకర్ గొంతు విప్పి పరాయి భాషలో గడగడా చదవసాగింది. డేగకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మైనాకి ఆ భాష కూడా వచ్చు. అదో మంట.

“ట్యాబ్. ఇంకోటి. ఆగండి, అది ‘పంపు’. వెనక్కి రావాలి. షిఫ్ట్, తర్వాత ట్యాబ్. ఇదే. స్పేస్ బార్ కొట్టండి.”

కొట్టాడు. మరో రెండు సెకన్లకు గడియారంలో పన్నెండయింది. స్పీకర్ ఒకే ఒక్క మాట పలికింది.

“రద్దయింది సార్,” అంది మైనా. రిసెప్షనిస్టు మెట్ల కిందే మనవాళ్లకి దొరికిపోయిందని కూడా చెప్పింది.

సాయంత్రం డేగ ఏదీ దాచకుండా చీఫ్ దగ్గర ఒప్పుకున్నాడు. చీఫ్ అతన్ని రేపట్నుంచి నెల్లాళ్లు మైనా దగ్గర ట్రైనింగ్‌కి వెళ్లమన్నాడు.

డేగ గుమ్మం దగ్గర ఆశగా ఆగాడు. “నేనొక్కణ్ణేనా సార్?”

“డిపార్ట్‌మెంట్ మొత్తం.”

డేగ మొహం మళ్లీ మాడిపోయింది.