కత్తెర మేడమ్ కాదన్న మెషీను

"పసిపిల్లల ప్రాణాలకి కూడా లెక్కలు చూస్తారా మీరు?"

పిల్లల డాక్టర్ అడిగిన ఆ ప్రశ్నకి మీటింగ్ హాలంతా చెవులు రిక్కించింది. ఆమె మాత్రం తొణకలేదు. ప్రభుత్వాసుపత్రులకి ఏ కొత్త మెషీను పనికొస్తుందో, ఏది రాదో పరిశీలించి కమిటీకి చెప్పడం ఆమె ఉద్యోగం. వచ్చినదాన్నల్లా కోసి పారేస్తుందని ఆఫీసులో ఆమెకి 'కత్తెర' అని పేరు.

"చూస్తాను. చిన్న ఊళ్ల ఆసుపత్రులకి వెంటిలేటర్లు అడుగుతున్నారు. డాక్టర్ సెలవు పెట్టిన రోజు వాటిని ఎవరు నడుపుతారు?"

అతను ముందున్న కాగితాలు పక్కకి నెట్టాడు. "ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా అడగొచ్చు. ఒక్కసారి మా వార్డుకి రండి."

నిజంగా వస్తుందనుకోలేదు. మరుసటి వారమే, జోరువానలో, గొడుగు గాలికి తిరగబడి, తడిసి ముద్దయి వచ్చింది.

"ఫోన్ చేస్తే కారు పంపేవాణ్ని కదా."

"మీ కారెక్కితే నా రిపోర్టు మీ పాటే పాడిందంటారు."

"మరి తువ్వాలు ఇస్తే? అదీ లంచమేనా?"

"తుడుచుకుని తిరిగిచ్చేస్తాను."

నవ్వు ఆపుకోవడం ఇద్దరికీ కష్టమే అయింది.

వార్డులో గుప్పెడంత పాప ఊపిరి కోసం ఎగపోస్తోంది. నర్సు పాప ముక్కుకి సన్నని గొట్టం అమర్చి, గాలి మెల్లగా తోసే చిన్న పరికరం పెట్టింది. పాప కుదుటపడేదాకా డాక్టర్ అక్కణ్నుంచి కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగింది. చాలాచోట్ల వెంటిలేటర్లు నడిపేవాళ్లు లేక ముసుగేసుకుని పడున్నాయి. చిన్న పరికరాన్ని మాత్రం నర్సులే నడిపేస్తున్నారు.

లెక్కలు సరిచూసుకోవడానికి మళ్లీ వార్డుకి వెళ్లినప్పుడు, వరండాలో అతను గొంతు సవరించుకున్నాడు. "మీతో ఒక మాట..."

"నిర్ణయం వచ్చేదాకా వద్దు. ఆ మాట వింటే ఈ ఫైలు నేను చూడకూడదు. దీన్ని మాత్రం నేను వదలను."

గట్టిగానే అంది. బస్సు తన స్టాపు దాటాక గానీ దిగాలని గుర్తు రాలేదు.

"అన్నం ముందు కూర్చుని ఎవరితో పోట్లాడుతున్నావే?" అంది ఆ రాత్రి అమ్మ.

"నాతోనేనమ్మా."

చివరికి ఆమె రాసిందే కమిటీ ఒప్పుకుంది. చిన్న ఆసుపత్రులన్నిటికీ ముక్కుగొట్టం పరికరం, నర్సులకి శిక్షణ. వెంటిలేటర్లు పెద్దాసుపత్రులకే. డాక్టర్ అడిగింది అతనికి దక్కలేదు. ఇక తన మొహం చూడడనుకుంది.

రెండ్రోజులకి ఆఫీసుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మీ రిపోర్టు చదివాను. కోపమొచ్చింది. మళ్లీ చదివాను. మీరే రైటు. కానీ ఇకమీద మా ఆసుపత్రి ఫైళ్లు వేరేవాళ్లకి ఇమ్మని మీరే కమిటీ చైర్మన్‌గారిని అడిగారట. నేనంటే అంత విసుగు పుట్టిందా?"

ఆమె పెన్ను పక్కన పెట్టి, తలెత్తి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"మీ ఫైళ్లు ఇక నేను చూడకూడదు. ఎందుకో చైర్మన్‌గారికి చెప్పాను, ఇంట్లో అమ్మకీ చెప్పాను. ఇంకా చెప్పనిది మీకొక్కరికే."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పండి," అన్నాడు. "నేను మాత్రం వద్దనను."